ఖాళీ డిస్కు మీద బొమ్మ ఎందుకు చెదిరేది?

ఫుజైరాలో పనిచేసి పాతబడిన మనవాళ్ళ పెట్టె ఎవరిది తెరిచినా అడుగున ఒక డిస్కుల కట్ట ఉంటుంది. పైన స్కెచ్ పెన్ను రాతలు: చెల్లి పెళ్ళి, గృహప్రవేశం, పాప ఫంక్షన్. పక్కనే నాలుగు సినిమాలు. వేసి చూస్తే ఒకటి అద్దంలా కనబడుతుంది, ఒకటి గళ్ళు గళ్ళుగా విరుగుతుంది, ఇంకొకటి అసలు తిరగదు. అన్నీ ఒకే గ్రోసరీలో కొన్న ఖాళీ డిస్కులే కదా, ఎందుకిలా? చెప్పాలంటే క్యాసెట్ల కాలం నుంచి రావాలి.

జపాన్ కంపెనీ జేవీసీ 1976లో వీహెచ్ఎస్ క్యాసెట్ తెచ్చింది. ఎనభైలలో చుట్టీకి పోయే గల్ఫ్ మనిషి సామానులో వీసీఆర్ ఉందంటే ఊరంతా ఆ ఇంటి ముందే. ఆ క్యాసెట్‌కు ఒక జబ్బుండేది. నకలుకు నకలు తీసిన కొద్దీ బొమ్మ చచ్చేది. మూడో చేతికో నాలుగో చేతికో వచ్చేసరికి హీరోయిన్ చీర రంగు వెనక గోడ మీదకి పాకేది. 1993లో వీసీడీ వచ్చాక ఆ బాధ తగ్గింది కానీ ఒక్కో డిస్కులో పట్టేది 74 నిమిషాలే. మన రెండున్నర గంటల సినిమాకు రెండు మూడు డిస్కులు మార్చాలి.

1996 నవంబరులో జపాన్‌లో డీవీడీ మొదలైంది. కొన్నేళ్ళకు మన క్యాంపుల్లోనూ ప్లేయర్లు వెలిశాయి. గురువారం రాత్రి వంట ముగించి, పదిమందీ ఒకే గదిలో మంచాల మీద సర్దుకుని చూసిన సినిమాలు ఎన్నో! ఫుజైరా నుంచి దుబాయి 120 కిలోమీటర్ల పైమాటే. కొండల మీదుగా షేక్ ఖలీఫా రోడ్డు 2011లో గానీ పడలేదు. అంతకుముందు మసాఫీ, ధైద్ మీదుగా తిరిగి వెళ్ళాలి. కాబట్టి ఎవరైనా అటు పోయి ఒక్క డిస్కు తెస్తే గదిగదికీ నకలు కావాలి.

నకలు తీస్తే బొమ్మ తగ్గుతుందన్నది క్యాసెట్ల నాటి నమ్మకం. డీవీడీలో ఉండేవి అంకెలు. ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే వందో నకలు కూడా అసలులాగే ఉంటుంది. చిక్కల్లా జాగాతోనే. కంపెనీ సినిమా డిస్కులు చాలావరకు రెండు పొరలవి, 8.5 జీబీ. మనం కొనే ఖాళీ డిస్కు ఒకే పొర, 4.7 జీబీ. పెద్ద బస్తా బియ్యం చిన్న బస్తాలోకి కుక్కినట్టే. డీవీడీ ష్రింక్ అని ఉచిత ప్రోగ్రాం ఒకటి ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న ప్రతి తమ్ముడి దగ్గరా ఉండేది. తెలివైనవాడు మెనూలు, ట్రైలర్లు, అక్కరలేని భాషల శబ్దం తీసేసి సినిమాకే జాగా మిగిల్చేవాడు. తెలియనివాడు అన్నీ ఉంచి బొమ్మను పిండేవాడు.

మూడు సినిమాలు ఒకే డిస్కులో అని పది దిర్హమ్‌లలోపు అమ్మినవి గుర్తున్నాయా? లెక్క వేద్దాం. రెండున్నర గంటల సినిమా ఒక్కటే ఎక్కిస్తే సెకనుకు 42 లక్షల బిట్లు దక్కుతాయి. మూడు కుక్కితే 14 లక్షలు. అది పాత వీసీడీ వాటాయే! డీవీడీ అని కొని వీసీడీ చూశామన్నమాట. ఇక హాలులో కెమెరాతో దొంగగా తీసిన ప్రింటుకు ఏ డిస్కూ మందు కాదు.

ఆ అమ్మకం నేరం కూడా. ఈ దేశంలో కాపీరైటు చట్టం 1992లోనే వచ్చింది, 2002లో, మళ్ళీ 2021లో కొత్తవి వచ్చాయి. దొరికితే జైలు, జరిమానా. ఇండియాలో మోజర్ బేర్ కంపెనీ ఖాళీ డిస్కులు చేస్తూనే 2007 ప్రాంతంలో అసలు వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మి దొంగ నకళ్ళను ధరతోనే కొట్టాలని చూసింది. 2018లో ఆ కంపెనీయే దివాలా తీసింది.

సినిమా పోతే పోయింది, మళ్ళీ దొరుకుతుంది. ఇంటి డిస్కుల సంగతే వేరు. 2006లో మా చెల్లి పెళ్ళికి నాకు చుట్టీ దొరకలేదు. చుట్టీ నుంచి వచ్చిన ఒకన్న డిస్కు తెచ్చాడు. అది 4.7 జీబీదే, ఉన్నది ఉన్నట్టు ఎక్కాల్సింది. నా రూమ్మేట్ తొందరలో అన్నిటికన్నా ఎక్కువ స్పీడు పెట్టి నాసి డిస్కు మీద కాల్చాడు. జీలకర్ర బెల్లం దగ్గర బొమ్మ ఆగిపోయింది. అసలుదేమో గదులన్నీ తిరిగి గీతలు పడింది.

గుర్తు ఇదీ: వాన, పొగ, జనం వచ్చినప్పుడల్లా గళ్ళు పడితే కుక్కిన దోషం. ప్రతిసారీ ఒకే చోట ఆగితే డిస్కు దోషం. నాలుగు రెట్ల స్పీడులో ఒక డిస్కుకు పావుగంట పడుతుంది, ఎనిమిది రెట్లయితే సుమారు సగం. ఆ ఏడెనిమిది నిమిషాల కోసం చూసుకుని పెళ్ళిని పోగొట్టుకున్నాను.

ఖాళీ డిస్కులో రాత నిలిచేది ఒక రంగు పొర మీద. ఎండకూ, వేడికీ, ఫుజైరా సముద్రపు చెమ్మకూ అది వెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళ డిస్కులు ఇప్పుడు ఒక్కొక్కటే మూగబోతున్నాయి. కొత్త లాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే చోటే లేదు. యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి నలుగురు కలిసి కొనుక్కోండి. డిస్కును మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా కాదు. వీడియో టీఎస్ అనే ఫోల్డర్‌ను ఉన్నది ఉన్నట్టు కాపీ చేయండి, ఫోనుకని ముందే కుదించకండి. ఒకటి పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని ఇంకొకటి ఊరికి పంపండి.

మా చెల్లి పెళ్ళి పోయినేడు అలాగే తీశాను. ఒక రాత్రంతా చదివింది. అప్పగింతల దగ్గర రెండు నిమిషాలు తప్ప అంతా వచ్చింది. మా నాన్న మాట్లాడింది ఆ రెండు నిమిషాల్లోనే.