గడియారముల సేకరణము

కాలమును కొలుచుట యొకటి. కాలమును కొలుచు యంత్రములను కూడబెట్టుట వేరొకటి. మొదటిది మన పూర్వు లెఱిగినదే. సూర్యసిద్ధాంతమున చెప్పబడిన ఘటికాయంత్రము అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నె. నీటిపై నుంచిన నది అహోరాత్రమున అరువదిమార్లు మునుగును. ఒక్క మునుక ఒక గడియ. అనగా 24 నిమిషములు. గడియారమను మాటలో ఆ గడియయే నిలిచియున్నది. వీరపునాయునిపల్లె వంటి మెట్టసీమ పల్లెలలో ప్రొద్దును, నీడను బట్టియే తరతరములు సేద్యము సాగెను.

రెండవదాని చరిత్రము విచిత్రమైనది. 16వ శతాబ్దిలో జినీవా నగరమున కాల్విను అను మతసంస్కర్త ఆడంబరమును ఖండించి నగల ధారణము నణచెను. పని తగ్గిన కంసాలులు, ఫ్రాన్సునుండి వచ్చిన కాందిశీకుల తోడ్పాటుతో గడియారముల పనికి మరలిరి. 1601లో వారి సంఘ మేర్పడెను. ఆడంబరమును మాన్పదలచిన కట్టడినుండియే లోకమున మిక్కిలి వెలగల ఆడంబర మొకటి పెంపొందెను! శాసనము నగను తీయించగలదు గాని మోజును తీయించలేదు.

చేతి గడియారము తొలుత స్త్రీల యలంకారము. 1914-18 నాటి యుద్ధమున సైనికుల కక్కఱపడి పురుషుల ముంజేతి కెక్కెను. 1969లో జపానువారు క్వార్ట్జ్ చేతి గడియారమును వెలువరించిరి. పిదప చౌక గడియారమే ఖరీదైన స్విస్ యంత్రముకంటె సరిగా నడువజొచ్చెను. అయినను స్విస్ గడియారము వెల తగ్గలేదు. 2017లో న్యూయార్కు వేలమున పాల్ న్యూమన్ అను నటుని రోలెక్సు 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికెను. అంత ధన మిచ్చినది కాలము తెలిసికొనుటకు కాదుగదా!

కూడబెట్టుట యెల్ల దోషమని మే మనము. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను (1889-1949) దేశదేశముల గడియారములను కొనెను. ఆయన అవివాహితుడై మరణించిన పిదప 1951లో హైదరాబాదున ఆ సంపద ప్రదర్శనశాల యయ్యెను. 1961లో పార్లమెంటు చట్టముచే జాతీయ ప్రాముఖ్యము పొందెను. గంటగంటకు గడ్డపు బొమ్మ వెలికివచ్చి గంట కొట్టుట చూచుటకు నేటికిని పిల్లలు, పెద్దలు గుమిగూడుచున్నారు. ఒకరి మోజు పదుగురి విద్య యగుట యిదియే.

మన యిండ్ల సంగతి వేఱు. ఇంచుక వెనుకటి తరమున పెండ్లి మాటలలో సైకిలు, రేడియోలతోపాటు చేతి గడియారమును అల్లునికి పెట్టవలసిన వస్తువయ్యెను. మామ అప్పుపత్రము వ్రాసిన గడియారమున అల్లుడు కాలము చూచుకొనెను. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినది. ఆ యేడే బెంగుళూరున హెచ్.ఎమ్.టి. కర్మాగారము వెలసి, స్వదేశపు గడియారము మధ్యతరగతివారికి అందుబాటునకు వచ్చుటకు దారి యయ్యెను. గడియారము సులభమైనది, అడుగుటమాత్రము మానలేదు. నేడు వస్తువుల పేర్లు మాఱినవి, అంతే. జినీవా పాఠము మన పెరటిలోనే యున్నది.

మీ యింట తాతలనాటి గడియారము పెట్టెలో నిలిచిపోయి యుండినచో, ఒకనాడు తెఱచి పిల్లలకు చూపుడు. చుట్టిన ఉక్కుపట్టీ విప్పుకొనుచు, గంటకు 18,000 మార్లు టిక్కుటిక్కుమని చక్రము నాడించు నేర్పును వివరింపుడు. దానికై ఎవరు, ఎట్లు వెల చెల్లించిరో అదియు దాచక చెప్పుడు. ఆ రెండును తెలిసిన బిడ్డ రేపు పెండ్లిచూపులలో దేనిని అడుగరాదో తానే యెఱుగును.