షావుకారు గారి చెయ్యి

మార్చి నెల. తెల్లారలేదు. గుంటూరు మిర్చి యార్డు గేటు దాటకముందే ఘాటు గొంతులో దిగింది. తువ్వాలు ముక్కుకు చుట్టుకుని ఇలా రండి. మార్కాపురం వైపు నుంచి రాత్రంతా లారీ మీద వచ్చిన రైతు తన టిక్కీల మీదే కునుకు తీస్తున్నాడు. సరుకు తేజ రకం. చైనాకు బాగా పోయే సన్నకాయ.

కమీషన్ కొట్టు షావుకారు గారు వచ్చారు. రైతు దిగ్గున లేచి, భుజం మీది కండువా చేతిలోకి తీసుకున్నాడు.

"ఏవయ్యా, అమ్మాయికి తగ్గిందా?"

ముందు అదే అడిగారు. నిరుడు ఆ పిల్ల ఆస్పత్రిలో ఉన్నప్పుడు అర్ధరాత్రి డబ్బు పంపింది ఆయనే. పక్కన చిట్టా రాస్తున్న గుమస్తా కొడుకు ఫీజు కట్టేదీ ఆయనే. ఆ గుమస్తా ఇరవై ఏళ్లలో జీతం పెంచమని నోరు తెరిచి అడగలేదు.

గోతం కుట్టు విప్పి ఆయన గుప్పెడు కాయలు తీశారు. చెవి దగ్గర ఆడించారు. గింజలు గలగలమన్నాయి. ఒక కాయ ముచ్చిక తుంచి, లోపల వేలితో తడిమారు.

"కాస్త చెమ్మ ఉందయ్యా."

రైతు మొహం చూడండి. ఆ కాయను కళ్లంలో ఎన్ని ఎండలు ఎండబెట్టాడో అతనికి తెలుసు. పక్క కొట్లో ఇదే సరుకు ఎంత పలికిందో కూడా తెలుసు.

"తమరు ఎంతంటే అంతేనండీ."

రైతు తరఫున ధర మాట్లాడాల్సిన మనిషీ, రైతుకు అప్పిచ్చిన మనిషీ ఒకరే. 1966 నాటి మార్కెట్ల చట్టం రైతుకు కమిటీనీ కాటానీ ఇచ్చింది, అర్ధరాత్రి ఫోనెత్తే మనిషిని ఇవ్వలేదు. చైనా సంస్థల్లో ఇలా తండ్రిలా పెత్తనం చేసే యజమానుల తీరును ఫార్, చెంగ్ అనే పరిశోధకులు 2000లో మూడు పాయలుగా విడదీశారు: అదుపు, ఆదరణ, మంచి నడవడి. ఈ కొట్టు అరుగు మీద నిలబడితే ఆ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. ఆ ఆదరణ నటన కాదు. నటనే అయితే రైతు ఎప్పుడో ఎదురు తిరిగేవాడు. అదే నన్ను కలవరపెడుతుంది.

కాటా అయింది. పట్టీలో అప్పు, వడ్డీ, హమాలీ పోగా మిగిలింది రైతు లెక్కపెట్టలేదు. షావుకారు గారు సొంత జేబులోంచి ఐదొందల నోటు తీశారు.

"పిల్లకు పళ్లు తీసుకెళ్లు."

రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"నారు పోసేటప్పుడు మళ్లీ వస్తానండీ..."

"నువ్వు అడగాలా?"