పేరు కొట్టించిన పూలజాడీలు

స్టీలు గిన్నె కొన్నా, వెండి కుందులు కొన్నా వాటిమీద పేరు కొట్టించడం మన ఆడవాళ్ల అలవాటు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ శుభకార్యానికి, ఏ తేదీన... ఇవన్నీ ఉంటేగాని మనకి తోచదు. మగవాళ్లు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి! 1351లో చైనాలో ఒక మగాయన సరిగ్గా ఈ పనే చేశాడు. ఆ రాత ఆరువందల ఏళ్ల తరవాత పెద్ద పెద్ద పండితులకి దారి చూపించింది.

ఆయన పేరు జాంగ్ వెన్‌జిన్. ఒక దేవాలయానికి ధూపపాత్ర ఒకటి, పూలజాడీలు రెండు సమర్పించుకున్నాడు. జాడీల మెడమీద ఆకుల బొమ్మల మధ్య తన పేరు, ఊరు, దేవుడి పేరు, తేదీ వివరంగా రాయించాడు. ఇంటిల్లిపాదికీ రక్షణ కలగాలనీ, కొడుకులూ కూతుళ్లూ చల్లగా ఉండాలనీ ఆయన కోరిక. భార్య మాట విడిగా ఎత్తలేదు. ఇంటిల్లిపాదిలో ఆవిడా ఉందనుకోవాలి కాబోలు! జాడీలు రెండడుగుల పైన ఒక అంగుళం ఎత్తు. తెల్లని ఒంటిమీద నీలిరంగు డ్రాగన్, రెండువైపులా ఏనుగు తలల పిడులు.

మన ఆవకాయ జాడీకీ వీటికీ దూరపు చుట్టరికమే. అసలు పింగాణీ, పల్చగా ఉన్నచోట దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుగు కనిపిస్తుంది. జింగ్‌డెజెన్ అనే ఊరు దీనికి పేరుపొందింది. అక్కడి తెల్లమట్టిని సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్చేవారు. నీలిరంగుకి కావలసిన కోబాల్టు ఇరాన్ వైపునుంచి వచ్చేది.

తరవాతి కాలంలో చక్రవర్తుల కోసం చేసినవాటి అడుగున ఆరక్షరాల ముద్ర వేసేవారు. ఫలానా వంశం, ఫలానా చక్రవర్తి కాలంలో చేసినది అని. షువాన్‌దె చక్రవర్తి (1426–35) కాలంనుంచి ఇది బాగా వాడుకలోకి వచ్చింది. ఇంకేం, ముద్ర చూసి కొనుక్కోవచ్చు అనుకుంటాం. అక్కడే ఉంది చిక్కు. పదిహేడో శతాబ్దం పనివాళ్లు పాత చక్రవర్తుల ముద్రలు గౌరవంకొద్దీ తమ పాత్రలమీద వేశారు. ఆ తరవాతివాళ్లు మోసానికీ వేశారు. అందుకే ముద్ర ఒక్కటే చాలదు. ఇంటిస్థలం కొనేముందు లింకు దస్తావేజులు అడుగుతామే, అలాగే ఈ పాత్ర ఎవరి చేతినుంచి ఎవరి చేతికొచ్చిందో అడగాలి. ఆ ప్రశ్నకి జవాబు ఒక్కోసారి ఇబ్బందిగానే ఉంటుంది. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు పెకింగు దగ్గరి వేసవి రాజమందిరాన్ని దోచుకున్నాయి. అక్కడినుంచి ఎన్ని జాడీలు ఓడలెక్కాయో! "మా తాతగారి కాలంనుంచి ఉంది" అంటే సరిపోతుందా, చెప్పండి?

ఇంకొన్ని రాచపాత్రలు తాకట్టుకి పోయాయి. అవును, రాజుగారింటి సామానే, బ్యాంకులో తాకట్టు! సర్ పెర్సివల్ డేవిడ్ అనే ఆయన 1920లలో పెకింగు వెళ్లి, విడిపించుకోకుండా ఉండిపోయిన అలాంటి పాత్రలు కొన్నాడు. ఈయన 1892లో మన బొంబాయిలోనే పుట్టాడు. చైనా భాష నేర్చుకుని మరీ సేకరించిన మనిషి.

జాంగ్ గారి జాడీలు ఇంగ్లండు చేరి, విడిపోయి వేరువేరు ఇళ్లలో పడ్డాయి. డేవిడ్ ఒకదాన్ని ఒకరి దగ్గర కొన్నాడు. రెండోది 1935లో ఇంకొకరి సేకరణనుంచి దొరికింది. అలా జంట కలిసింది. అంత నాజూకైన నీలిపని అంత పాతకాలంలోనే ఉందంటే మొదట పండితులు అంతగా పట్టించుకోలేదు. 1950లలో జాన్ పోప్ అనే అమెరికన్, ఇస్తాంబుల్ తోప్‌కపి భవనంలో ఉన్న పాత్రలనీ, ఇరాన్‌లోని అర్దబిల్ మందిరానికి చెందిన పాత్రలనీ ఈ జంటతో పోల్చిచూశాడు. తేదీ లేనివాటికన్నిటికీ తేదీ ఉన్న ఈ రెండే కొలబద్ద అయ్యాయి. చక్రవర్తుల ముద్రలకి లేని విలువ ఒక గృహస్థు మొక్కుకి వచ్చిందన్నమాట.

డేవిడ్ 1964లో పోయాడు. ఆయన సేకరణ మొదట లండన్ విశ్వవిద్యాలయంలో ఉండేది. 2009నుంచి బ్రిటిష్ మ్యూజియంలో చూపిస్తున్నారు. సుమారు 1,700 పాత్రలనీ ఆ మ్యూజియానికే ఇచ్చేస్తున్నట్టు 2024లో ప్రకటించారు. జాడీలు రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. వాటితోపాటు గుడికిచ్చిన ధూపపాత్ర మాత్రం ఇప్పటికీ దొరకలేదు.