నామకరణం

మా గండిపేట చెరువుగట్టున ఎండ్రకాయ కనబడితే పేరు చెప్పడానికి పండితుడక్కర్లేదు, పిల్లలే చెబుతారు. మరి మన వల అందని సముద్రపు అడుగున, చీకట్లో బతికేదానికి పేరెవరు పెట్టాలి?

1888లో ఆల్కాక్ అనే వైద్యుడు ‘ఇన్వెస్టిగేటర్’ అనే సర్వే ఓడెక్కి, నాలుగేళ్లు మన సముద్రాల లోతులు వెదికాడు. ఆ ఓడ పైకి లాగినవాటిలో తోకను పొట్టకిందికి మడుచుకున్న జీవులున్నాయి. చూపుకు రొయ్యలు, చుట్టరికం మాత్రం ఖాళీ శంఖుల్లో కాపురముండే పీతలతో!

స్పిరిట్ సీసాలో పెట్టి, ముళ్లూ కీళ్లూ చూసి, తెలిసిన జాతులన్నిటితో పోల్చి, ఏదీ కాదని తేలితేనే నామకరణం. అలా 1894లో ఆల్కాక్ ఒకదానికి ‘మునిడా అండమానికా’ అని పేరు పెట్టాడు.

రేపు మరొకటి దొరికితే అది పాతదో కొత్తదో తేల్చేది అలాంటి సీసాయే. అందుకే మ్యూజియం అల్మరాల్లోని పాత సీసాలను నేను చెత్త అనను. అవి జనన పత్రాలండీ!