సోలాపురమున ఒక వైద్యుని ఇల్లు

సోలాపురములో భయ్యాచౌకు వద్ద ఒక పాత ఇల్లు కలదు. నగరపాలక సంస్థవారు ఆ ఇంటిని బాగుచేయించి స్మారక మందిరముగా మార్చిరి. 2012 నుండి అది ప్రజల దర్శనార్థము తెరచియున్నది. అది డాక్టరు ద్వారకానాథ్ శాంతారామ్ కోట్నీసు కుటుంబము నివసించిన ఇల్లు. అది ఏనాడును ఆసుపత్రి కాదు. కాని ఒక ఆసుపత్రి చరిత్ర ఆ ఇంటితో ముడిపడియున్నది. ఆ చరిత్ర ఈ ఊరి తెలుగువారికిని ఆలోచింపదగినది.

సోలాపురము మగ్గముల పట్టణము. 1860లో ఇచ్చటికి రైలుమార్గము వచ్చెను. 1870ల దశకమున మొరార్జీ గోకుల్‌దాస్ ఇచ్చట నూలు, బట్టల మిల్లును నెలకొల్పెను. పాతమిల్లు అను పేర అది ప్రసిద్ధికెక్కినది. తరువాత మరికొన్ని మిల్లులు వెలసినవి. అంతకు పూర్వమునుండియే ఈ ఊరు చేనేతకు పేరుపొందినది. తెలంగాణమున చేనేత పని తగ్గినప్పుడును, 1876-78 నాటి కరవు కాలమునను, ఆ తరువాతను పద్మశాలి కుటుంబములు పలు జిల్లాలనుండి ఇచ్చటికి తరలివచ్చినవి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ వంటి ప్రాంతములవారు వీరిలో ఎక్కువ. వారు పట్టణము తూర్పుభాగమున పేటలు కట్టుకొని నిలిచిరి. ఇంటిలో ముందు మగ్గము, వెనుక వంట. మగవాడు మగ్గముపై కూర్చుండును. ఇల్లాలు ఆసు పోయును, కండెలు చుట్టును. పిల్లలు చేతికి అందినంత పని అందుకొందురు. ఆ కష్టమునుండియే సోలాపురము దుప్పటి దేశమంతట పేరు తెచ్చుకొన్నది.

ఇట్టి పట్టణమున 1910 అక్టోబరు 10న కోట్నీసు జన్మించెను. ఆయన మహారాష్ట్రుడు. బొంబాయిలోని సేఠ్ జి. ఎస్. వైద్య కళాశాలలో చదివి వైద్యుడైనాడు. 1937లో జపాను సేనలు చైనాపై దండెత్తినవి. గాయపడినవారికి వైద్యులు కావలెనని చైనా సేనానియగు జూ డే జవహర్‌లాల్ నెహ్రూకు లేఖ వ్రాసెను. భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపెను. అప్పటి అధ్యక్షుడు సుభాష్ చంద్రబోసు. అలహాబాదు నుండి అటల్, నాగపురమునుండి చోల్కర్, కలకత్తానుండి బసు, ముఖర్జీ, సోలాపురమునుండి కోట్నీసు బయలుదేరిరి. 1938 సెప్టెంబరు 1న వారి ఓడ బొంబాయి రేవును విడిచెను. కోట్నీసు చైనాలో ఉండగానే తండ్రి కాలము చేసెను. ఆ వార్త అందినను ఆయన వెనుదిరుగలేదు.

ఉత్తర చైనాలో వారు చూచిన ఆసుపత్రులకు మంచి కట్టడములు లేవు. కెనడా దేశస్థుడగు డాక్టరు నార్మన్ బెతూన్ 1938లో వుతాయి ప్రాంతమున ఒక ఆదర్శ ఆసుపత్రిని నెలకొల్పెను. దానిని జపాను సైనికులు ధ్వంసము చేసిరి. ఆపై వైద్యులు శత్రువుల దాడులను తప్పించుకొనుచు పల్లెపల్లెకు తిరుగవలసివచ్చెను. రైతుల ఇండ్లే శస్త్రచికిత్సశాలలైనవి. 1939 నవంబరులో బెతూన్ మరణించెను. శస్త్రచికిత్స చేయునప్పుడు వ్రేలికి కలిగిన గాయము విషమించుటయే కారణము. 1941 జనవరిలో ఆయన పేర వెలసిన అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి కోట్నీసు అధిపతియయ్యెను. ఆయన చైనా భాష నేర్చుకొనెను. అక్కడి విద్యార్థులకు శస్త్రచికిత్స బోధించెను. గువో చింగ్‌లాన్ అను నర్సును వివాహమాడెను. 1942లో వారికి కుమారుడు కలిగెను. అతనికి ఇన్‌హువా అని పేరిడిరి. ఆ పేరులో భారతదేశము, చైనా రెండును ఇమిడియున్నవి. అదే సంవత్సరము డిసెంబరు 9న, ముప్పది రెండేండ్ల వయస్సున, మూర్ఛవ్యాధితో కోట్నీసు మరణించెను. వెళ్ళిన ఐదుగురిలో నలుగురు తిరిగివచ్చిరి. సోలాపురము బిడ్డ రాలేదు. 1946లో శాంతారాం తీసిన చలనచిత్రము ఆ కథను దేశమునకు తెలిపెను. భారతదేశమునకు వచ్చిన చైనా నాయకులు పలువురు ఆయన కుటుంబమును గౌరవించిరి.

స్మారక మందిరమున అడుగిడిన వానికి ఒక విషయము తోచును. కోట్నీసు నడిపిన ఆసుపత్రికి స్థిరమైన గోడ లేదు. అయినను దాని పేరు నిలిచినది. ఆయన ఈ ఇంట నివసించిన కాలము కొలదియే. అయినను ఈ గోడలను ప్రజలు నిలుపుకొన్నారు. గోడ నిలిచినందున మనిషిని తలచుకొందురు. మనిషిని తలచుకొన్నందున గోడకు విలువ కలిగెను. ఇల్లు బాగుచేయుట సున్నము, ఇటుకల పని మాత్రమే కాదు. ఆ ఊరు ఎవరిని మరువదలచలేదో దానిని తెలుపు పని అది.

తూర్పుపేటలకు వచ్చి చూచిన వేరొక ప్రశ్న పుట్టును. ఇచ్చటి నేతవారి రోగముల చరిత్ర ఏ ఇంట నిలిచియున్నది? దూది నుసి ఊపిరితిత్తులకు చేటు. మరమగ్గముల మ్రోత వినికిడిని తగ్గించును. తెలంగాణమున వానిని సాంచాలు అందురు. వాని నడుమ పనిచేయువారు సైగలతో మాటలాడుకొనుట అచ్చట పరిపాటి. ఇరుకు ఇంటిలో క్షయ ఒకరినుండి ఒకరికి ప్రాకును. పేటలలోని తెలుగు స్త్రీలలో చాలమంది బీడీలు చుట్టి సంసారము గడిపిరి. తునికాకు, పొగాకు నుసి వారి దగ్గుకు మూలము. 1948లో వచ్చిన ఉద్యోగుల రాజ్య బీమా చట్టము కొంత రక్షణ కల్పించినది. కాని అది చట్టము నిర్ణయించిన సంఖ్యకు తగినంతమంది పనివారు గల కర్మాగారములకే వర్తించెను. నాలుగు సాంచాలు గల చిన్న గదిలోని పనివాడు దాని వెలుపలనే యుండెను. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టము 1976లో వచ్చినది.

ప్రభుత్వ సాయము చాలనిచోట నేతవారు చేతులు కలిపిరి. నూలు కొనుటకు, బట్ట అమ్ముటకు సహకార సంఘములు పెట్టుకొనుట వారికి తెలిసిన విద్య. మార్కండేయుని పేర ఈ పట్టణమున ఒక సహకార ఆసుపత్రి వెలసియుండుట ఆ విద్యకు ఫలము. మార్కండేయ మహర్షి పద్మశాలీలకు కులగురువు. శ్రావణ పౌర్ణమినాడు ఆయన రథము ఊరేగును. ఆయురర్థము యముని ఎదిరించిన మునిపేర ఆసుపత్రి నిలుచుట సార్థకము. ఒక పోగు తెగును. పేనిన పోగులు తాడగును.

కోట్నీసు ఇంటిని నిలుపుట ఊరు చేసిన మంచిపని. తూర్పుపేటలలోను అట్టి పని కావలసియున్నది. పాత ఇండ్లు పడిపోవుచున్నవి. గుంటమగ్గములు కనుమరుగగుచున్నవి. ఎత్తు భవనములు లేచుచున్నవి. ఒక నేతయింటినైనను మగ్గము, ఆసు, రాట్నము, పొయ్యిలతో సహా ఉన్నది ఉన్నట్లు నిలుపుట ఇంకను సాధ్యము. అందులో నేసినవారి పేర్లు, వారు పడిన జబ్బులు, వారికి మందిచ్చిన వైద్యుల జ్ఞాపకములు చేర్చవచ్చును. వృద్ధులు బ్రదికియుండగనే ఆ మాటలు వ్రాసికొనవలెను. ఆ పని ఆలస్యమైనచో మిగులునది దుప్పటిమీది పేరే. నేసిన చేయి ఎవరిదో అడిగినచో చెప్పువారుండరు.