ఏమీ జరగని రాత్రుల చరిత్ర

ఆమదాలవలసలో ఉన్న రైల్వే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. ఆ ప్లాట్‌ఫారం మీద చిన్నప్పట్నుంచీ చూస్తున్న వస్తువు ఒకటుంది: నల్లరంగు ఇనప ట్రంకుపెట్టె. మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. సెలవు మీద ఇంటికొచ్చే సిపాయిది. మా జిల్లాలో మిలట్రీకి వెళ్ళడం కొత్త సంగతి కాదు. దాదాపు ప్రతి ఊళ్ళో ఒక మిలట్రీ తాతో, మిలట్రీ మావయ్యో ఉంటాడు. ఆయన్ని మనం అడిగేవి రెండే ప్రశ్నలు. "యుద్ధం చూశావా?" "క్యాంటీన్‌లో సరుకు దొరుకుతుందా?" యుద్ధం చూడనివాడైతే "నేదురా" అంటాడు. అక్కడితో కథ అయిపోతుంది.

కానీ సైనికుడి ఉద్యోగంలో యుద్ధం కాని పనులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, చనిపోయిన సైనికుల స్మారకం దగ్గర కదలకుండా నిలబడటం.

ఢిల్లీ ఇండియా గేట్ 1931లో ప్రారంభమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆఫ్ఘన్ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ తరఫున పోరాడి పోయిన భారతీయ సైనికుల కోసం కట్టింది. 13 వేలకు పైగా పేర్లు దాని రాళ్ళ మీద ఉన్నాయి. 1971 డిసెంబర్ 16న బంగ్లాదేశ్ యుద్ధం ముగిశాక, నలభై రోజులు దాటగానే, 1972 జనవరి 26న ఆ కమాను కిందే ఇందిరాగాంధీ అమర్ జవాన్ జ్యోతిని ప్రారంభించారు. తలకిందులుగా నిలబెట్టిన రైఫిల్, దాని మీద హెల్మెట్, పక్కన ఆరని దీపం. ఆ దీపం దగ్గర త్రివిధ దళాల వాళ్ళు రాత్రింబవళ్ళు కాపలా ఉండేవారు.

2022 జనవరి 21న ఆ జ్యోతిని దగ్గర్లోని జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతితో కలిపేశారు. అంటే ఐదు రోజులు తక్కువ యాభై ఏళ్ళు. లెక్కేస్తే 18 వేల రాత్రులు దాటాయి. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు వెంటనే తోచిన మాట అప్‌టైమ్. రాత్రంతా ఆన్‌కాల్‌లో కూర్చున్నప్పుడు ఏమీ జరగకపోతే డ్యూటీ బాగా చేసినట్టు. పొద్దున్న రిపోర్టులో రాయడానికి మాత్రం ఏమీ ఉండదు. సెంట్రీ పని కూడా అలాంటిదే. చరిత్ర జరిగినవాటిని రాస్తుంది. ఏమీ జరగకుండా చూసినవాణ్ణి ఎక్కడ రాయాలో దానికి తెలీదు.

జ్యోతిని కలిపేసినప్పుడు పెద్ద వాదన నడిచింది. యాభై ఏళ్ళ దీపాన్ని ఆర్పేశారని కొందరు మాజీ సైనికులు బాధపడ్డారు. స్వతంత్ర భారతంలో చనిపోయిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు చెక్కిన చోటే జ్యోతి ఉండాలని మరికొందరు అన్నారు. రెండువైపులా న్యాయముంది. కానీ నేను చదివినంతలో వాదనంతా దీపం గురించీ, రాయి గురించీ. దాని పక్కన నిలబడిన మనుషుల ఊసు కనిపించలేదు.

అమెరికాలో ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో అజ్ఞాత సైనికుడి సమాధి ఉంది. 1937 నుంచి పగలూ రాత్రీ సైనిక కాపలా. 21 అడుగులు నడిచి, 21 సెకన్లు ఆగి, మళ్ళీ 21 అడుగులు. అక్కడ నడిచే సెంట్రీ తన ర్యాంకు గుర్తులు పెట్టుకోడు. లోపలున్నాయన ర్యాంకు ఎవరికీ తెలీదు కాబట్టి, ఆయనకంటే పెద్దవాడిలా కనబడకూడదని. ఇలా తనను తాను చెరిపేసుకోవడం ఆ డ్యూటీలో భాగం. కానీ శిక్షణ, పరీక్షలు దాటినవాళ్ళకి 1950ల చివర్నుంచి ఒక ప్రత్యేక బ్యాడ్జీ ఇస్తున్నారు. తర్వాత ఎక్కడికెళ్ళినా, "నేను అక్కడ నిలబడ్డాను" అని అతను చెప్పుకోవడానికి ఒక గుర్తు ఉంటుంది.

మాకు దగ్గర్లో ఉన్న పెద్ద స్మారకం విశాఖ బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆ యుద్ధంలో నౌకాదళ విజయానికి గుర్తుగా 1996లో దీన్ని కట్టారు. ఏటా డిసెంబర్ 4న అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. మర్నాడు పేపర్లో ఫొటో కింద అడ్మిరల్ గారి పేరు ఉంటుంది. తెల్ల యూనిఫాంలో, తుపాకీ గొట్టం నేలకి దించి, తల వంచి నిలబడిన నావికుడు కూడా ఫొటోలో ఉంటాడు, పేరు లేకుండా.

అమరుల్ని గుర్తుంచుకోవడం మనకి కొంతైనా వచ్చు. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడని ఇక్కడి పిల్లలు గర్వంగా చెప్తారు. చెప్పాలి కూడా. బతికి తిరిగొచ్చినవాళ్ళని గుర్తుంచుకోవడమే మనకి ఇంకా చేతకాలేదు. ఆగస్టు 15న బడికి పిలిచి శాలువా కప్పుతాం. మైకు మాత్రం సర్పంచ్ దగ్గరే ఉంటుంది.

చదివే మీకు ఊళ్ళో ఒక మిలట్రీ తాత ఉంటే, ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, ఆయన పక్కన అరుగు మీద కూర్చోండి. ఎక్కడెక్కడ డ్యూటీ చేశాడో అడగండి. ఏదైనా స్మారకం దగ్గర నిలబడ్డానని చెప్తే, యుద్ధం సంగతి పక్కన పెట్టి ఇవి అడగండి: తాతా, కాలు తిమ్మిరెక్కితే ఏం చేసేవోడివి? జనవరి చలిలో తుపాకీ ఇనుము చేతికి ఎలా తగిలేది? అన్ని గంటలు కదలకుండా నిలబడి ఎవర్ని తల్చుకునేవోడివి?