హైదరాబాదు నగరకేంద్రంలో చిల్లర వర్తకం: బేగంబజారు నుంచి మొజంజాహీ మార్కెట్టు వరకు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పెరుగుతున్న నగరం తన నడిబొడ్డుకు చిన్న వర్తకాన్ని ఎలా రప్పించుకుంటుంది, వచ్చినదాన్ని ఎలా నిలుపుకుంటుంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. హైదరాబాదు పాలకులు వేర్వేరు కాలాల్లో ఇందుకు స్థలం, అధికార పరిధి, కట్టడం అనే మూడు సాధనాలను వాడారు. వీటిలో ఏది ఎంతవరకు ఫలించిందో పరిశీలిస్తే, దుకాణానికీ దారికీ నడుమ ఉండే అంచే చిల్లర వర్తకానికి ఆయువుపట్టు అని తెలుస్తుంది. ఆ అంచు చరిత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హైదరాబాదు, బజారు, మడిగె, పత్థర్‌గట్టి, మొజంజాహీ మార్కెట్టు, వీధి వ్యాపారులు.

1. ప్రస్తావన:
తెలుగు ప్రబంధాల్లో పురవర్ణన కోటలతో, మేడలతో మొదలై నాలుగు వర్ణాల వర్ణన దాకా సాగుతుంది. అక్కడ వైశ్యులు కుబేరునితో పోల్చదగిన ధనవంతులుగా కనిపిస్తారు. కొట్టు తెరిచి, తూచి, బేరమాడి అమ్మేవారిగా కనిపించడం అరుదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామం ఇందుకు భిన్నమైన కృతి. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన విశేషాలే అందులోని వస్తువు. పూటకూళ్ల ఇంటి భోజనం మొదలుకొని వీధి వినోదాల వరకు నగరం అందులో నడిచేవాని కంటికి కనిపించినట్లు కనిపిస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రచనలో ఈ కృతిని ముఖ్యమైన ఆధారంగా గ్రహించడానికి కారణం ఇదే.

నగర చరిత్రను మేడ మీది నుంచి కాక వీధిలో నడుస్తూ చదవాలన్న ఈ దృష్టి హైదరాబాదుకూ వర్తిస్తుంది. ఆ నగర చరిత్ర రచనలో రాజప్రాసాదాలకు దక్కిన చోటు అంగళ్లకు దక్కలేదు. అయితే ఆ నగరంలోని పేటల పేర్లలో బజారు, గంజ్, చౌక్ అన్న మాటలు ఎంత తరచుగా వినిపిస్తాయో గమనిస్తే, దాని ఎదుగుదలలో వర్తకానికి ఉన్న పాత్ర తేటపడుతుంది.

2. నాలుగు దారుల కూడలి:
మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో హైదరాబాదుకు పునాది వేసినప్పుడు చార్మినార్‌ను కేంద్రంగా చేసుకుని నాలుగు దిక్కులకు నాలుగు దారులు ఏర్పడ్డాయి. ఈ దారుల వెంట 14,000 అంగళ్లు ఉండేలా ప్రణాళిక వేశారని పారశీక రచనల ఆధారంగా చరిత్రకారులు పేర్కొంటారు. ఆ సంఖ్యను లెక్కగా కాక సంకల్పంగా గ్రహించినా, రాజధాని ప్రధాన వీధి అంగడి వీధిగానే రూపుదిద్దుకుందన్నది స్పష్టం. ఉత్తరాన గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు కమానులు నిలిచాయి. చార్మినార్‌కు పడమర దిశలో లాడ్ బజారు విస్తరించింది.

లాడ్ బజారు వ్యవస్థ ప్రత్యేకంగా గమనించదగినది. లక్కను కరిగించి గాజుగా మలచి, దానిపై రాళ్లు అద్దే పని దుకాణానికి దగ్గరలోని ఇళ్లలో, చిన్న కార్ఖానాల్లో జరుగుతుంది. అమ్మకం వీధి వైపు సాగుతుంది. తయారీకీ అమ్మకానికీ మధ్య దూరం తక్కువ కావడం వల్ల పెద్ద పెట్టుబడి లేని కుటుంబాలు కూడా నగరకేంద్రంలో నిలదొక్కుకోగలిగాయి. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు వస్తువుకు దక్కినదే అయినా, దాన్ని ఇన్నాళ్లు బతికించినది ఆ వీధి అమరిక.

3. నది ఆవలి అంగళ్లు:
అసఫ్‌జాహీల కాలంలో నగరం ప్రాకారాన్ని దాటి మూసీకి ఉత్తరంగా పెరిగింది. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హుమ్డా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో బేగంబజారు వెలసిందని ప్రసిద్ధి. ఇక్కడ పాలకవర్గం వాడిన సాధనం స్థలం. మార్వాడీ, గుజరాతీ, గోసాయి వర్తకులు ఇక్కడికి చేరి సరుకుల వ్యాపారంతోపాటు అప్పుల వ్యాపారమూ నడిపారు. టోకు వర్తకుడు అరువిస్తేనే చిల్లర వర్తకుని కొట్టు నిండుతుంది కాబట్టి, బేగంబజారు చుట్టుపక్కల బజార్లన్నిటికీ వెన్నుగా నిలిచింది.

రెసిడెన్సీ బజారు పెరిగిన తీరు వేరు. కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు భవనం 19వ శతాబ్ది తొలి దశకంలో నిర్మితమైంది. దాని పరిసరాల్లోని బజార్లు రెసిడెంటు అధికార పరిధిలో ఉండేవి. నిజాం న్యాయవ్యవస్థకు వెలుపల ఉన్న ఈ ప్రాంతాన్ని వర్తకులు, సాహుకార్లు క్షేమమైనదిగా భావించి అక్కడ స్థిరపడ్డారు. స్థలం ఇవ్వకుండానే, భవనం కట్టకుండానే, కేవలం అధికార పరిధి కారణంగా ఒక బజారు ఏర్పడడం ఇక్కడి విశేషం. 1933లో ఈ ప్రాంతం తిరిగి నిజాం ప్రభుత్వానికి దక్కి సుల్తాన్ బజారుగా పేరు మార్చుకుంది. పరిధి మారినా వర్తకం కదలలేదు. అప్పటికి వీధికి కొనుగోలుదారుల అలవాటు ఏర్పడింది. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తరువాతి కాలంలో ఇదే సుల్తాన్ బజారులో నెలకొన్నది. జనం వచ్చిపోయే చోటే గ్రంథాలయానికీ పాఠకులు దొరుకుతారు.

ఆరవ నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం వల్ల ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. 1907లో నాంపల్లి రైల్వేస్టేషను ఏర్పడడంతో ఈ దిక్కున రాకపోకలు పెరిగాయి. ఒక దుకాణం పేరే పేటకు పేరుగా స్థిరపడడం నగర నిర్మాణంలో వర్తకుని స్థానానికి చక్కని నిదర్శనం.

4. వరద తరువాత పత్థర్‌గట్టి:
1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొంది. వరదల నివారణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలు చేశారు. ఇరుకైన పేటలను, పారిశుద్ధ్య లోపాన్ని చక్కదిద్దడానికి 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు నివాసాల తొలగింపు, దారుల విస్తరణ, కొత్త ఇళ్ల నిర్మాణం దాని ప్రధాన కార్యక్రమాలు. చార్మినార్ నుంచి నది వైపు సాగే దారిని వెడల్పు చేసి, ఇరువైపులా రాతితో కట్టిన దుకాణాల వరుసే పత్థర్‌గట్టి.

ఈ కట్టడంలో కింద దుకాణాలు, పైన నివాసాలకూ ఇతర వ్యవహారాలకూ పనికివచ్చే గదులు, దుకాణాల ముందు కమానుల నడవా ఉన్నాయి. నడవా నీడలో కొనుగోలుదారు ఎండావానలతో పని లేకుండా ఒక కొట్టు నుంచి మరొక కొట్టుకు నడుస్తాడు. నిలబడి చూస్తాడు, ధర అడుగుతాడు, కొనకుండా సాగిపోతాడు. ఈ తీరిక లేనిదే చిల్లర వర్తకం లేదు. పై అంతస్తుల్లో మనుషుల సంచారం ఉండడం వల్ల కొట్లు మూసిన తరువాత కూడా వీధి పూర్తిగా నిర్మానుష్యం కాదు. దారిని విస్తరిస్తూనే అంచును నిలబెట్టిన నిర్మాణంగా పత్థర్‌గట్టిని గుర్తించాలి.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. రాతి దుకాణం అద్దె కట్టగలవానికే దక్కుతుంది. నేల మీద గుడ్డ పరచి అమ్ముకునేవానికి ప్రణాళికలో చోటు లేదు. అతనికి నడవా చివర, కమాను మొదట మిగిలిన జాగాయే ఆధారం. హైదరాబాదులో దుకాణపు గదిని మల్గీ అంటారు. తెలుగులోని మడిగె, కన్నడంలోని మళిగె దీనికి దగ్గరి రూపాలు. మల్గీకి సంఖ్య, కిరాయి, రసీదు ఉంటాయి. గుడ్డ పరచుకున్నవానికి ఇవేవీ ఉండవు. బజారు ఒకటే అయినా అందులో నమోదైన వర్తకం, నమోదు కాని వర్తకం అన్న విభజన ఈ దశలో రాతిలో కట్టినంత స్పష్టమైంది.

5. మొజంజాహీ మార్కెట్టు:
ఏడవ నిజాం రెండవ కుమారుడు, నగరాభివృద్ధి మండలి అధ్యక్షుడు అయిన మొజంజా పేరిట 1930లలో నిర్మితమైన మార్కెట్టు మరో నమూనా. ఇది వీధి వెంట సాగే వరుస కాదు. కూడలిలో గడియార స్తంభంతో, లోపల ఆవరణతో నిలిచిన ప్రత్యేక కట్టడం. ఆబిడ్స్, నాంపల్లి, బేగంబజారు దారులకు అందుబాటులో ఉండడం దీనికి కలిసివచ్చింది. పండ్లు, పూలు, మాంసం, అత్తరు, తమలపాకులు ఒకే చోట దొరికేవి. దేశ విభజన అనంతరం సింధు నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం 1953లో ఇక్కడ కరాచీ బేకరీని ప్రారంభించింది. ఊరికి కొత్తవానికి కూడా బతుకుతెరువు చూపడం నగరకేంద్రపు సహజ ధర్మం.

1980లలో పండ్ల టోకు వ్యాపారం కొత్తపేటకు తరలింది. లారీల రద్దీ దృష్ట్యా అది అవసరమైన నిర్ణయమే. అయితే టోకు తరలినప్పుడు దాన్ని ఆసరా చేసుకున్న హమాలీలు, బుట్టల వారు, తోపుడు బండ్ల వారు కూడా చెదిరిపోక తప్పదు. భవనానికి ఆదరణ తగ్గి, తరువాతి కాలంలో పునరుద్ధరణ జరిగి, 2020 ఆగస్టులో మార్కెట్టు తిరిగి ప్రారంభమైంది. రాయి శుభ్రపడింది, ఆవరణ వెలిగింది. కట్టడాన్ని కాపాడడం, దానిలోని వర్తకాన్ని కాపాడడం వేర్వేరు పనులు. మొదటిదానికి వాస్తుశిల్పి చాలు. రెండవదానికి కిరాయి విధానం, సరుకు చేరవేత, నడిచి వచ్చే కొనుగోలుదారు కావాలి.

6. మడిగె నుంచి బండి వరకు:
స్వాతంత్ర్యానంతర కాలంలో నగరకేంద్రపు చిన్న వర్తకానికి రక్షణ కట్టడాల కన్నా ఎక్కువగా చట్టాల ద్వారా లభించింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం దాని పరిధిలోకి వచ్చిన దుకాణాల కిరాయిదారులకు కొంత స్థిరత్వం ఇచ్చింది. వీధి వ్యాపారి విషయంలో సుప్రీంకోర్టు 1989లో సోదన్‌సింగ్ కేసులో వీధిలో అమ్ముకోవడం రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం పరిధిలోకి వచ్చే వృత్తి హక్కేనని, దానికి సహేతుకమైన పరిమితులు ఉండవచ్చునని పేర్కొంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సర్వే, ధ్రువపత్రం, పట్టణ విక్రయ కమిటీ అనే ఏర్పాట్లు చేసింది. కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే కావాలని నిర్దేశించింది. పత్థర్‌గట్టి ప్రణాళికలో చోటు దొరకని మనిషికి శతాబ్దం తరువాత కాగితం మీద చోటు దొరికిందన్నమాట.

కాగితం మీది చోటు వీధిలోకి రావడమే నేటి సమస్య. సుల్తాన్ బజారు మీదుగా మెట్రో మార్గాన్ని అక్కడి వర్తకులు ఏళ్ల తరబడి వ్యతిరేకించారు. 2020 ఫిబ్రవరిలో ఆ మార్గం ప్రారంభమైంది. ఒకే వీధిని ప్రణాళికాకర్త ప్రయాణ మార్గంగా చూస్తాడు, వర్తకుడు నిలిచే చోటుగా చూస్తాడు. రెండు చూపులూ సత్యమే. అయితే కొలతకు సులభంగా లొంగేది మొదటిది కావడంతో నిర్ణయాల్లో దానిదే పైచేయి అవుతున్నది.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• చిల్లర వర్తకం కట్టడం కోసం ఎదురుచూడలేదు. రెసిడెన్సీ బజారులో అధికార పరిధి, బేగంబజారులో స్థలదానం దాన్ని రప్పించాయి. కట్టడం ఆ తరువాతి దశ.

• పత్థర్‌గట్టి నడవా, లాడ్ బజారులోని ఇంటి పని చెబుతున్నది ఒక్కటే. దుకాణానికీ దారికీ, పనికీ అమ్మకానికీ నడుమ దూరం తగ్గినప్పుడే చిన్న వర్తకుడు నగరకేంద్రంలో నిలుస్తాడు.

• టోకు వర్తకాన్ని తరలించే నిర్ణయం చిల్లర వర్తకాన్ని కూడా తాకుతుంది. వాటిని వేరుచేసి ఆలోచించడం చారిత్రకంగా సరికాదు.

• దారి విస్తరణలో మొదట నష్టపోయేది అంచు. అంచు పోతే మొదట కనుమరుగయ్యేవాడు రసీదు లేని వర్తకుడు.

తెలుగు రాష్ట్రాల్లో ఎదుగుతున్న పట్టణాలన్నీ నేడు తమ ప్రధాన వీధులను వెడల్పు చేసుకుంటున్నాయి. ఆ వీధుల్లో కాలిబాట ఎంత, నీడ ఎంత, కూర్చొని అమ్ముకునే జాగా ఎంత అన్న లెక్కలు దారి వెడల్పుతో సమానంగా ప్రణాళిక పత్రాల్లోకి రావాలి. ఓరుగల్లు వీధిలో టిట్టిభసెట్టి ఆగి చూసినట్లు, నడిచే మనిషి ఆగి చూడగలిగిన వీధిలోనే అంగడి నిలుస్తుంది.